ఎడమకు లాగే బండి, కుడిపక్క రోగం

తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల, ముందు చక్రాలతో నడిచే కారును విప్పి రోగం కనిపెట్టిన మొదటి మనిషిని నేనే. ఆ రోజు మద్రాసు నుంచి వచ్చిన నలుగురు ఇంజనీర్లు మా షెడ్డులో చేతులు కట్టుకుని నిలబడి, నేను చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాసుకున్నారు. రోగం పట్టుకోవడానికి నాకు అరగంట పట్టింది. ఈ మాట ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను కాబట్టి ఇప్పుడు ఒక్కసారిగా మార్చడం బాగుండదు. పోను పోను కొంచెం కొంచెంగా మారుస్తాను, ఓపిక పట్టండి.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్నవాళ్ళు అదృష్టవంతులు. కారుకు ఒక వైరు తగిలిస్తే తెర మీద రోగం పేరు పడుతుంది. మా కాలంలో తెర లేదు. బండి పక్కన నిలబడి తలా ఒక సలహా ఇచ్చే జనం ఉండేవాళ్ళు. టీ కొట్టాయన, ఎదురు టైర్ల షాపాయన, బస్సు కోసం నిలబడినవాడు, అందరూ డాక్టర్లే. రోగం కంటే వీళ్ళతోనే నాకు ఎక్కువ విసుగు.

ఎనభైల చివరి సంగతి ఇది. ఆ చిన్న కారు అప్పుడప్పుడే మా ఊరి రోడ్ల మీద కనబడుతోంది. అంతవరకు మా చేతికి వచ్చినవన్నీ వెనక చక్రాలు తోసే బండ్లే. లారీలు, జీపులు, గుండ్రటి వీపున్న పాత కార్లు. ఈ చిన్నది అలా కాదు, ముందు చక్రాలతో తనను తాను లాక్కుపోయే రకం. ఇంజను అడ్డంగా పడుకుని ఉంటుంది. దానినుంచి రెండు చక్రాలకూ పోయే ఇరుసుల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. గట్టిగా తొక్కితే కొద్దిగా పక్కకు గుంజడం దాని పుట్టు గుణం. చిన్న ఇంజనుకు అది ఎవరికీ తెలియదు.

మా వాడుకదారుల్లో ఒక రాళ్ళ క్వారీ మొదలాళి ఉండేవాడు. మొదలాళి అంటే యజమాని. ఇంట్లో తెలుగు మాట్లాడే మేము కూడా ఆ తమిళ మాటే వాడతాం. ఆయనా మా తెలుగువాడే. ఆ చిన్న కారు కొన్నాడు కానీ, క్వారీ ఎత్తు ఎక్కేటప్పుడు తన సొంత జీపులే తనను దాటిపోతున్నాయని ఆయనకు దిగులు. బెంగుళూరులో ఎవరినో పట్టుకుని, గుద్దుకుని పాడైన విదేశీ కారు ఇంజను ఒకటి తెచ్చి ఇందులో కూర్చోబెట్టించాడు. అది ఎంత ఇరుకుగా కూర్చుందంటే బానెట్టు మూయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు నొక్కాలి, ఇంకొకడు ఆశపడాలి.

ఆ కారు డ్రైవరుది బొమ్మిడి ఊరు. మాకు చుట్టరికం ఏమీ లేదు, భాష ఒకటి కాబట్టి నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. పద్దెనిమిదేళ్ళుగా బండి తోలుతున్నాడు, ఒక్క గీత పడనీయలేదు. బీడీ కూడా తాగడు. ఇంజను మార్చిన మూడు నాలుగు నెలలకు ఒకరోజు మొదలాళితో చెప్పాడు.

"బండి లాగతాది మొదలాళీ."

"లాగనీ. దానికే కదా అంత పెద్ద ఇంజను పెట్టించింది."

"అట్ల కాదు..."

మొదలాళికి మొదటి మాట చాలు. రెండో మాట వినే అలవాటు ఆయనకు లేదు. ఆ సాయంత్రం ఊళ్ళో కలిసిన ప్రతివాడితోనూ, "మా డ్రైవరే ఒప్పుకున్నాడు, బండి ఏనుగు లాగినట్టు లాగతాదంట," అని చెప్పుకున్నాడు. మన భాషలో ఎంత గొప్పగా లాగినా, ఎంత వంకరగా లాగినా ఒకటే మాట. బావ 'పక్కకు' అనే మాట ముందు వేసి ఉంటే ఈ కథే లేదు.

నెల తిరక్కుండానే తొప్పూరు కనుమలో లారీని దాటాలని, ఇంకా దాని వెనకే ఉండగా బావ యాక్సిలరేటరు తొక్కాడు. కారు ఎడమకు గుంజింది. రోడ్డు పక్క మైలురాయి తగిలి, ముందు మడ్‌గార్డు నుంచి వెనక తలుపు దాకా రంగు గీసుకుపోయింది. వెనక సీట్లో మొదలాళి, ఆయన బావమరిది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ బావమరిది అన్న ఒక్క మాట రాయికంటే లోతుగా గీసింది. "పొద్దున్నే మందు వేసుకుని వచ్చినట్టుండాడు."

మరునాటి నుంచి మొదలాళి కారు తాళం ఇచ్చే ముందు బావను ఎదురుగా నిలబెట్టి, "ఊదు," అనేవాడు. నలభై దాటిన మనిషి, పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఆఫీసు మెట్ల దగ్గర నలుగురి ముందు యజమాని ముక్కు మీద ఊదాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి.

కారు మా షెడ్డుకు వచ్చింది. ఇక్కడ నేను చేసిన మొదటి ఘనకార్యం చెప్పాలి. కారు ఎక్కి, సేలం రోడ్డు మీద కొంత దూరం పోయి తిరిగి వచ్చాను. పక్కవాడి ఇంటి నుంచి నిండు చెంబుతో పాలు తెస్తున్నట్టు మెల్లగా పోయి మెల్లగా వచ్చాను. దిగి, చేతులు తుడుచుకుంటూ, "బండిలో ఏమీ లేదు," అన్నాను.

మొదలాళి బావ వైపు తిరిగాడు. "విన్నావా? మేస్త్రీ చెప్పినాడు. బండిలో లేకుంటే నీలో ఉండాది."

అంతే. అరూరు నుంచి కొత్త డ్రైవరును మాట్లాడుకున్నాడు. సోమవారం నుంచి కొత్తవాడు వస్తాడు, అప్పటిదాకా బావ తోలాలి. తాగి బండి గుద్దాడనే పేరుతో పంపిస్తే ఆ చుట్టుపక్కల ఎవరు మళ్ళీ తాళం ఇస్తారు? నా మూడు మాటలతో అతని పద్దెనిమిదేళ్ళూ తుడిచిపెట్టుకుపోతున్నాయి. నాకు ఆ సంగతి అప్పుడు తోచలేదు. తోచి ఉంటే బాగుండేదని రాయడం సులభం.

గురువారం బావ ఒక్కడే కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ఏం బావా, బండిలో ఏమీ లేదంటివే."

"లేదు కదా."

"ఎట్ల తోలినావు?"

"మెల్లగా."

"మెల్లగా తోలితే మా అవ్వ కూడా నేరుగా తోలతాది. ఎక్కు."

ఎక్కాను. మొరప్పూరు రోడ్డు మీద ఖాళీ చోట చూసి బావ కాలు నొక్కాడు. స్టీరింగు అతని చేతుల్లోంచి ఎడమకు గుంజుకుంది. కాలు తీస్తే మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ గుంజింది. అక్కణ్ణుంచి క్వారీకి తీసుకుపోయి, కంకర పరిచిన ఎత్తు మధ్యలో కారు ఆపి, మొదటి గేరులో తొక్కి ఎక్కించాడు. కారు ముందు భాగం కప్పలా గెంతడం మొదలుపెట్టింది. చక్రాలు నేలను పట్టుకుంటాయి, వదిలేస్తాయి, పట్టుకుంటాయి. దడదడదడ. నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. డాష్‌బోర్డు మీది దేవుడి పటం ఊడి నా ఒళ్ళో పడింది.

బావ ఇంజను ఆపి నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. బండి తాగిందా, నేను తాగినానా?"

అప్పటినుంచి మొదలైంది నా తంటా. ఎడమకు లాగుతోంది కదా, ఎడమ చక్రంలోనే రోగం అనుకున్నాను. లారీల దగ్గర నేర్చుకున్న చదువు అది. ఎడమ బ్రేకు పట్టుకుంటే లారీ ఎడమకు పోతుంది, ఎడమ టైరులో గాలి తగ్గితే ఎడమకు పోతుంది. గురువారం సాయంత్రం ఎడమ టైరు మార్చాను. శుక్రవారం ఎడమ బ్రేకు విప్పి, చక్రాన్ని జాకీ మీద ఎత్తి తిప్పి చూశాను, బొంగరంలా తిరిగింది. బేరింగు మార్చాను. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నూలుదారం కట్టి వంకర చూశాను. దారం గీత గీసినట్టు ఉంది. ఇంతలో టీ కొట్టాయన, "బెంగుళూరువాడు ఇంజనును వంకరగా పెట్టినాడప్పా," అన్నాడు. మొదలాళి బావమరిది ఒక నిమ్మకాయ తెచ్చి బంపరుకు కట్టిపోయాడు. శనివారానికి ఆ ఎడమపక్క విప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు. విప్పిందంతా బాగానే ఉంది. అంత బాగున్న కారును చూసి వచ్చినంత కోపం నాకు ఎన్నడూ రాలేదు.

ఇక్కడ మా మామను గురించి చెప్పాలి. మామ అంటే మా షెడ్డులో వాటర్ సర్వీసు చేసే పెద్దాయన. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మాట తక్కువ. ర్యాంపు ఎక్కించిన బండికి నీళ్ళు కొట్టి కడిగి, ఆరిన తర్వాత అడుగుభాగమంతా కాలిన ఇంజనాయిలు, కిరసనాయిలు కలిపి పిచికారీ కొట్టడం ఆయన పని. ఆ నల్ల పూత మా షెడ్డుకు గుర్తు. లారీ కమాను పట్టీలకు అది అమృతం. తుప్పు పట్టదు, కిర్రుమనదు. నేను నా గురువు దగ్గర నేర్చుకుని ఇక్కడ మొదలుపెట్టించాను. బండి బయటికి పోయేటప్పుడు అడుగు నిగనిగలాడకపోతే నాకు అన్నం సహించేది కాదు.

మామకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. ఆయన రబ్బరు చెప్పులు. ఆ నూనెలో నిలబడి నిలబడి రెండు నెలలకొకసారి అవి వాచిపోయేవి. అరికాలు కంటే వెడల్పై, మెత్తగై, పట్టీ రంధ్రంలోంచి ఊడి వచ్చేది. శనివారం కూడా చూపించాడు.

"ఇదో, మళ్ళా వాచినాయి."

"చెప్పులకు కూడా మన నూనె పడి ఒళ్ళొచ్చింది మామా," అని నేను నవ్వాను. అదే నవ్వు. రెండు రోజుల తర్వాత మళ్ళీ గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున బావ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పది గంటలకు మొదలాళి కొత్త డ్రైవరుతో వస్తాడు. నేను మళ్ళీ ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాను. బావ కొంతసేపు చూసి, విసుగెత్తి, "నిలబెట్టి చూస్తే దానికేం రోగం బావా? తొక్కితే కదా వస్తాది," అన్నాడు.

అది అన్నది అతనే. ఇన్నేళ్ళూ నేనే అన్నానని చెబుతూ వచ్చాను.

వెనక చక్రాల ముందు రాళ్ళు పెట్టించాను. హ్యాండ్ బ్రేకు బిగించి, బావను సీట్లో కూర్చోబెట్టి, మొదటి గేరులో క్లచ్చు సగం వదిలి పట్టుకోమన్నాను. బండి ముందుకు పోవాలని చూస్తుంది, పోలేదు. అప్పుడు బరువు పడిన చోటల్లా బయటపడాలి. చక్రానికీ మడ్‌గార్డుకూ సుద్దముక్కతో గీతలు గీసి ఎడమవైపు కూర్చున్నాను. బావ క్లచ్చు వదిలాడు. ఎడమ చక్రం గీత దారమంత కూడా కదల్లేదు.

కుడివైపు నుంచి మామ గొంతు వినిపించింది. నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డాడు. "ఈ పక్క కదలతాది."

"ఎంత?"

"నా బొటనవేలంత."

"ఎడమకు లాగే బండికి కుడిపక్క ఏముంటుంది మామా? నువ్వు సుమ్మా, ఊరికే ఉండు."

"నాకేం తెలుసు. కదలతాదంటా ఉండాను, అంతే."

లేచి అటు పోయాను. బావ మళ్ళీ క్లచ్చు వదిలాడు. కుడి చక్రం ముందుకు జరిగింది, మళ్ళీ క్లచ్చు తొక్కితే వెనక్కి వచ్చింది. బొటనవేలంత. కుడిచక్రం ముందుకు పోయి ఎడమది నిలిచిపోతే, ఆ ముందు జతంతా ఎడమకే కదా తిరిగేది. నాలుగు రోజులు నేను ఆరోగ్యంగా ఉన్న కాలికి కట్టు కడుతున్నాను.

కుడి చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ విప్పాను. దాని కొసల్లో రబ్బరు బుష్షులు ఉంటాయి. అవే చక్రాన్ని ముందుకూ వెనక్కూ పోనీయకుండా పట్టుకునేవి. ఎడమవైపు బుష్షును బొటనవేలితో నొక్కితే రాయి. కుడివైపుది నొక్కితే మాగిన జామపండు. వాచి, జిగురై, నల్లగా చేతికి అంటుకుంది. ఇంజను కింద ఆ పక్క రబ్బరుదీ అదే గతి. ఇంజను ఊగుతుంది, చక్రం జారుతుంది, అందుకే ఎత్తు మీద ఆ గెంతులు. చిన్న ఇంజనుతో ఆ బుష్షు ఇంకో ఏడాది ఎవరికీ తెలియకుండా బతికేది. పెద్ద ఇంజను దాన్ని నలిపేసింది.

బుష్షు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే మామ కాళ్ళు కనబడ్డాయి. ఆ చెప్పులు కనబడ్డాయి. ఒక చెప్పు అడిగి తీసుకుని, బుష్షు పక్కన పెట్టి, రెండూ నొక్కి చూశాను. ఒకటే మెత్తన, ఒకటే వాసన.

మా ర్యాంపు ఎడమవైపు గోడ. మూరెడు సందు కూడా లేదు, పిచికారీ గొట్టం అటు పోదు. నూనె అంతా కుడివైపు నుంచే పడుతుంది. క్వారీ దుమ్మని ఆ కారు పదిహేను రోజులకొకసారి కడగడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా నా నల్ల పూత. ఇనుముకు అమృతమైంది రబ్బరుకు విషమని, అంత పెద్ద మేస్త్రీకి ఒక జత చెప్పులు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ నలుగురు ఇంజనీర్ల సంగతి. వాళ్ళు నలుగురు కాదు, ఒకడు. ఇంజనీరు కాదు, రబ్బరు సామాన్లు అమ్మే ప్రతినిధి. మద్రాసు కాదు, సేలం. బస్సు రాలేదని షెడ్డు నీడలో నిలబడ్డాడు. పుస్తకంలో రాసుకున్నది నా విద్య కాదు, రెండు జతల బుష్షులు కావాలన్న నా ఆర్డరు. చేతులు కట్టుకున్న మాట మాత్రం నిజం, ఎక్కడ పెట్టినా నూనె అంటుతుందని. అరగంట కాదని మీరు ఈపాటికి లెక్క వేసే ఉంటారు.

పది గంటలకు మొదలాళి వచ్చాడు. వెనక కొత్త డ్రైవరు, ఇస్త్రీ చొక్కాతో. మొదలాళి బావ వైపు చెయ్యి చాచాడు, తాళం కోసం. బావ లేచి నిలబడి జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు నేను ముందుకు పోయి బుష్షును బానెట్టు మీద పెట్టి చెప్పాను.

"తాళం ఆయన దగ్గరే ఉండనీ మొదలాళీ. ఆయన తప్పు లేదు. ఈ రబ్బరు మా నూనెతో నానిపోయింది. కొట్టించింది నేనే. ముందు బండిలో ఏమీ లేదన్నదీ నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు."

మొదలాళి బుష్షును నొక్కి చూశాడు. తర్వాత సుద్దగీతలు చూశాడు, కుడి చక్రం ఎంత జరిగిందో బావ వేలితో చూపించాడు. మొదలాళి కొత్త డ్రైవరును బస్టాండులో దించి రమ్మని బావకే చెప్పాడు. తాము వచ్చిన జీపులో. 'ఊదు' అనే మాట ఆ రోజుతో ఆగిపోయింది.

రెండు రోజుల్లో సేలం నుంచి బుష్షులు వచ్చాయి. వేశాక క్వారీ ఎత్తు మీద బావ తొక్కి చూపించాడు. గెంతు పోయింది. గుంజుడు ఇంకా కొంచెం ఉంది, అది ఆ పొట్టి పొడుగు ఇరుసుల గుణం, పెద్ద ఇంజను పుణ్యం. బావ, "ఇంత లాగితే మేలే, నిద్ర రాకుండా ఉంటాది," అన్నాడు. ముందు చక్రాల బండ్లకు నల్ల పూత ఆపేయించాను. ఆ తర్వాత ఆ కారు షెడ్డులోకి వస్తే చాలు, మామ పైపు కింద పెట్టి రోడ్డు మీదికి పోయేవాడు. ఆ కారంటే ఆయనకు పడదని మేమంతా నవ్వుకునేవాళ్ళం. మామ పోయి చాలా ఏళ్ళయింది.

ఇదంతా రాసి ముగించి, మొన్న బొమ్మిడి పోయి బావకు చదివి వినిపించాను. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. కళ్ళు మూసుకుని విన్నాడు. దేవుడి పటం దగ్గర నవ్వాడు. అయిపోయాక కళ్ళు తెరిచాడు.

"అంతా సరే. బానెట్టు మీద పెట్టినాక నీవు ఏమి చెప్పినావు, మళ్ళా చదువు."

చదివాను.

"అది నీవు చెప్పలేదు బావా. రబ్బరు నానిందన్నావు, అంతవరకు నిజం. ఎట్ల నానిందిరా అని మొదలాళి అడిగినాడు. నీవు నోరు తెరవలేదు. తిరిగి మామ పక్క చూసినావు."

నేను కాగితాలు సర్దుకున్నాను.

"ఆయన ముందుకొచ్చి, నూనె కొట్టింది నేనే మొదలాళీ అన్నాడు. నీవు కొట్టమంటే కొట్టినాడని కూడా అన్లేదు. ఇంక వీడు నా బండిని ముట్టరాదని మొదలాళి చెప్పిపోయినాడు. అందుకే ఆ బండి వస్తే ఆయన రోడ్డు మీదికి పోయేది. ఆ బండి పడక కాదు. ఎండలో నిలబడి ఉండేవాడు. ఒక పొద్దన్నా లోపలికి రమ్మని పిలిచినావా?"

"దీంట్లో ఎవరి పేరూ వెయ్యలేదు బావా," అన్నాను.

"నా పేరు వద్దు. నీ పేరూ వద్దు. ఆయన పేరు వెయ్యి."